సార్ ఫోటో పక్కన వచ్చిన జవాబు

మా ఇంట్లో ఫోటోలకు దండం పెడతారే గానీ సలహా అడగరు. నేను అడిగాను. దేవుడి ఫోటోను కాదు, మా సార్ ఫోటోను. అది వెంటనే జవాబిచ్చింది కూడా. నా బతుకులోకెల్లా పెద్ద నిర్ణయం ఆ జవాబు పట్టుకొనే తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో, ఎవరినైనా పట్టుకొని దులపాలో తెలియదు. ఎక్కువసార్లు దులపాలనే అనిపిస్తుంది.

నేను పెరిగింది భూపాలపల్లిలో, బాయి పనివాళ్ళ క్వార్టర్లలో. బొగ్గుగనిని మేము బాయి అంటాము. మా తాతలది కొడకండ్ల దగ్గర ఒక తండా. బాపు వయసులో ఉన్నప్పుడే బాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అమ్మను యాడీ అని, నాన్నను బాపు అని పిలుస్తాము. బడికి పోయాకే తెలుగు నేర్చుకున్నాను కాబట్టి నా తెలుగులో ఎప్పుడూ ఒక కాలు ఇంట్లో, ఒక కాలు బయట ఉండేది. ఆ సంగతి తోటి పిల్లలు నన్ను మరిచిపోనిచ్చేవాళ్ళు కాదు.

ఇంటర్ అయ్యేనాటికి యాడికి మోకాళ్ళు పట్టేశాయి. హాస్టల్లో ఉండి చదువుతానంటే ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు. అప్పుడు జనగామలో ఒక ప్రైవేటు కాలేజీ ఆన్‌లైన్‌లో డిగ్రీ చెబుతుందని తెలిసి చేరాను. పరీక్షలకు మాత్రం హన్మకొండ సెంటరుకు పోవాలి, మిగతాదంతా ఫోన్‌లోనే. అన్నం కుక్కర్ మీద ఫోన్ ఆనించి పాఠాలు విన్నదాన్ని నేను.

చాలామంది లెక్చరర్లు తెర మీద ఉన్నది చదివి, చివర్లో డౌట్లున్నాయా అని అడిగి, ఎవరూ నోరు తెరవకముందే వెళ్ళిపోయేవాళ్ళు. తెలుగు సార్ అట్లా కాదు. ఆయన మమ్మల్ని ఊళ్ళ పేర్లతో పిలిచేవారు. "ఏం డోర్నకల్, ఇయ్యాల మీ దిక్కు వాన వడ్డదా? పాలకుర్తీ, నీ పత్తి ఏరుడు అయిపోయిందా?" అంటూ అందరి ఇళ్ళల్లోకి ఒకసారి తొంగిచూసి గానీ పాఠం మొదలుపెట్టేవారు కాదు. మేము కూడా చదువుకు వచ్చినట్టు కాదు, ఎవరింటికో పోయి కూర్చున్నట్టే వచ్చేవాళ్ళం.

ఒకనాడు నా వంతు వచ్చింది. "భూపాలపల్లీ, ఎన్నడు సూడు నోరు మూసుకొనే ఉంటవు. ఇయ్యాల నువ్వు చెప్పు" అన్నారు. చెప్పాను. సగం వాక్యం పుస్తకంలోది, సగం వాక్యం మా వాకిట్లోది. ఎవరో పక్కున నవ్వారు. మైక్ ఆపేసి మాయమైపోదామనుకున్నాను. ఇంతలో సార్ గొంతు వినబడింది.

"నవ్వినోళ్ళు ఎవలో గాని, ఇదే జవాబు లంబాడీల చెప్పుండ్రి. అప్పుడు మేమందరం నవ్వుతం."

ఆ తరువాత ఇంకెవరూ నవ్వలేదు. క్లాసు అయ్యాక కాలేజీ నంబరు నుంచి సార్ ఫోన్ చేశారు. నేను రాసి పంపిన పేజీ చదివారట. "నీ రాతల మీ అమ్మ మాట్లాడుతున్నట్టున్నదమ్మా. మంచిగున్నది. తప్పులు నేను దిద్దుత, రాసుడు మాత్రం ఆపకు" అన్నారు. యాడికి చెబితే, తనేం మాట్లాడుతుందో ఆయనకెట్ల తెలుసని కంగారుపడింది. నేను ఆరోజే అనుకున్నాను, పంతులమ్మనైతే ఇట్లాంటి పంతులమ్మనే కావాలని. మా చుట్టాల్లో ఎవరూ బడిలో పాఠం చెప్పినవాళ్ళు లేరు.

రెండో ఏడు వచ్చేసరికి లైవ్ క్లాసులు ఆగిపోయాయి. కాలేజీ యాప్‌లో పోయినేటి పాఠాల రికార్డులు, వాటి పక్కన కొత్తవి కొన్ని పెట్టారు. కింద డౌట్లు రాసే పెట్టె ఒకటి, దాని పక్కన సార్ ఫోటో. మీ సందేహాలకు సార్ స్వయంగా జవాబిస్తారని రాసి ఉండేది. ఆయన ఫోన్ చేసిన పాత నంబరుకు చేస్తే, ఏదడిగినా యాప్‌లోనే అడగమని ఎవరో అమ్మాయి చెప్పింది. అడిగాను. తెల్లవారే జవాబు వచ్చింది. అయితే ఆ జవాబు మా సార్ మాటలా లేదు. పుస్తకం మాటలా ఉంది. రాసేటప్పుడు అందరూ పెద్దమనుషులే అవుతారు కదా అనుకొని ఊరుకున్నాను. నమ్మాలని నిశ్చయించుకున్నవాళ్ళకు సాకులకేం కొదవ!

ఆ ఏడే బాపుకు ఊపిరాడటం కష్టమైంది. దవాఖానల చుట్టూ తిరిగాక కంపెనీ డాక్టర్లు ఇక బాయి పనికి పనికిరాడని తేల్చారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అట్లా పని పోయినవాడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. డిపెండెంట్ నౌకరి అంటారు. ఒక్కరికే. ఎవరి పేరు పెట్టాలో తండ్రి చెప్పాలి. క్వార్టర్లలో ఈ మాట మీద అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్ళున్నాయి. కొడుకుంటే మాత్రం కొడుకు పేరే, అందులో ఆలోచించేదేం లేదన్నట్టు ఉండేది. మా బాపు ఆలోచించాడు.

"బిడ్డకే పెడ్త" అన్నాడు. "దాని దగ్గర తెలివున్నది. నౌకరి నిలవెట్టుకుంటది. బాయిల దిగే పని గాదు, పైన ఆఫీసుల పనే ఇస్తరట."

మా గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. మా అన్న అప్పటికి పరకాల రోడ్డు మీద ఆటో నడిపేవాడు. నాలుగు రోజులు ఇంట్లో అన్నం తినలేదు. నాకేమో ఆ నౌకరి అంటే భయం, వదులుకోవాలన్నా భయం. పంతులమ్మ కావాలనుకున్నదాన్ని. షిఫ్టులకు పోతే చదువు సాగుతుందా? అన్నకు పెళ్ళి చేయాలి, ఆటోతో పిల్లనెవరిస్తారు? ఎవరినడగాలో తెలియలేదు. బాయి సంగతి తెలిసినవాళ్ళకు చదువు సంగతి తెలియదు. రెండూ అర్థమయ్యే మనిషి నాకు ఒక్కరే కనిపించారు.

మధ్యాహ్నమంతా కూర్చొని సార్‌కు రాశాను. అంత పొడుగు ఏ పరీక్షలోనూ రాయలేదు. బాపు పొద్దున లేచి దగ్గు ఆగేదాకా గోడ పట్టుకొని నిలబడే సంగతి రాశాను. అన్న తాగుడు రాశాను. అది మా గల్లీలో కూడా ఎవరికీ తెలియదు. నౌకరి చేయమంటారా, చదువుకోమంటారా, మీరు ఏది చెబితే అది చేస్తాను సార్ అని రాసి పంపాను.

తెల్లారి జవాబు వచ్చింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "మీలాంటి ప్రతిభ ఉన్నవారు మధ్యలో ఆగిపోకూడదు. చదువే మీ అసలైన ఆస్తి. ఈ రోజు కష్టంగా ఉన్నా రేపు మీరే మీ కుటుంబానికి వెలుగవుతారు. మీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది."

బాపు మంచం పక్కన కూర్చొని చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదివించుకున్నాడు. "సారుకు గంత నమ్మకం ఉన్నదా నీ మీద?" అని అడిగాడు. ఉన్నదన్నాను. "సదువు చెప్పినాయన చెప్పినంక ఇంక నేనేం చెప్త" అన్నాడు. మర్నాడు ఆఫీసుకు పోయి అన్న పేరు పెట్టి వచ్చాడు. అన్న నా చెయ్యి పట్టుకొని ఏడ్చాడు. అదొక్కటి మాత్రం అబద్ధం కాదు.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తరువాత అన్నకు పెళ్ళయింది, వేరే కాపురం పెట్టాడు. బాపు పని పోయింది కాబట్టి మేము క్వార్టర్ ఖాళీ చేసి కిరాయి ఇంటికి మారాము. అన్న తాగినప్పుడల్లా షిఫ్టుకు నాగా. నాగాలు ఎక్కువైతే నౌకరి పోతుందని పైవాళ్ళు పిలిచి చెప్పారు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని యాడి గొణుక్కునేది. నేను డిగ్రీ పూర్తి చేసి ఒక ప్రైవేటు బడిలో చేరాను. అక్కడ జీతం ఇచ్చేది కూడా దయ చేసినట్టే ఇస్తారు. బాపు నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ దగ్గు ఆగాక ఊపిరి కూడదీసుకొని ఒకే సంగతి అడిగేవాడు.

"నేను కొడుకు పేరు పెట్టి తప్పు చేసిన్నా బిడ్డా? ఒకపారి ఆ సారును కలిసి అడిగిరా. ఆయనకు తెలుస్తది."

డిగ్రీ పట్టా తెచ్చుకోవడానికి జనగామ పోవలసి వచ్చినప్పుడు, సార్‌ను కలిసే వస్తానని బాపుకు మాటిచ్చాను. యాడి నువ్వుల లడ్డూలు కట్టిచ్చింది. హన్మకొండలో బస్సు మారి, జనగామలో దిగి, అడుగుతూ అడుగుతూ పోతే కాలేజీ హైదరాబాద్ రోడ్డు మీద ఒక టైర్ల దుకాణం పైన దొరికింది. నేను మూడేళ్ళు చదివిన కాలేజీని అదే మొదటిసారి చూడటం. ఒక పెద్ద గది. వరసగా కంప్యూటర్లు, వాటి ముందు నా వయసు ఆడపిల్లలు. పట్టా ఇచ్చే అమ్మాయి ఏ ఊరని అడిగింది. భూపాలపల్లి అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "బాయి నౌకరి అక్క మీరేనా?"

పక్క కుర్చీలు కూడా ఇటు తిరిగాయి. "మీకెట్ల తెలుసు?" అన్నాను.

"మీ మెసేజ్ మేమందరం సదివినం గదక్కా. ఏడుపొచ్చింది మాకు."

"నేను సారుకు గద రాసింది."

ఆ పిల్ల మొహంలో అప్పుడు భయం కనిపించింది. చెడ్డది కాదు. చెప్పకూడనిది చెప్పానని అప్పుడే తెలిసింది పాపం. "సార్ పోయి ఎన్నడో అయిందక్కా. మీ ఫస్టియర్ కాంగనే పోయిండు. ఇప్పుడు మానుకోటల జూనియర్ కాలేజీల చెప్తున్నడు."

"మరి జవాబులు?"

"మేమే పెడ్తం."

ఎట్లా పెడతారో కూడా అడిగి తెలుసుకున్నాను. వచ్చిన ప్రశ్నలను మూడు కుప్పలు చేస్తారట. పాఠం, ఫీజు, మానేసుడు. పెళ్ళి, నౌకరి, ఇంట్లో కష్టం అని ఎవరు రాసినా మానేసుడు కుప్పలో పడుతుంది. ఆ కుప్పకు ఒక జవాబు తయారుగా ఉంటుంది. పిల్లలు మానేయకుండా పట్టి ఉంచాలని పైనుంచి చెప్పారట.

"నేను మానేస్త అని ఎక్కడన్న రాసిన్నా?" అన్నాను.

"నౌకరి అని రాసిండ్రు గదక్కా" అంది ఆమె నెమ్మదిగా. "నౌకరి అంటే మానేసుడే."

మా బాపు రెండుసార్లు చదివించుకున్న నమ్మకం అది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది నా పని. మా అన్న తాగుతాడని మా గల్లీకి తెలియదు గానీ జనగామలో టైర్ల దుకాణం పైన గది మొత్తానికీ తెలుసు. ఏడ్చారట. ఏడ్చి, ఆ తరువాత వాళ్ళ దగ్గరున్న వాక్యాన్నే తీసి పంపారట. అంత కోపం నాకు అంతకుముందు రాలేదు. అరవాలనుకున్నాను. ఆ పిల్లల మొహాలు చూస్తే ఎవరి మీద అరవాలో తెలియలేదు. పట్టా తీసుకొని మెట్లు దిగాను.

అయినా నాలో ఒక ఆశ మిగిలే ఉంది. మోసం చేసింది కాలేజీ, సార్ కాదు. ఆయన ఫోటో పెట్టి ఆయనకు తెలియకుండా ఇదంతా చేశారు. ఆయనకు తెలిస్తే ఊరుకోడు, నవ్వినవాళ్ళనే ఊరుకోనివాడు. అట్లా అనుకుంటూ తొర్రూరు మీదుగా మానుకోట బస్సెక్కాను. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోటనే అంటాము. దారి పొడుగునా సార్ తరఫున నేనే వాదించుకున్నాను.

సాయంత్రం కాలేజీ వదిలే వేళకు దొరికారు. ఫోన్‌లో చూసినదానికన్నా పొట్టిగా, సన్నగా ఉన్నారు. షర్టు జేబు దగ్గర చాక్‌పీసు మరక. "సార్, నేను భూపాలపల్లిని" అన్నాను.

ఒక్క క్షణం చూసి మొహమంతా వెలిగిపోయింది. "నోరు మూసుకొని ఉండే భూపాలపల్లివి! రాస్తున్నవా?"

నిజంగా గుర్తుంది. ఆ వెలుగు చూసి నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ చెప్పారు. యాడి లడ్డూలు ఇచ్చాను. ఒకటి తీసి కొరికి, బాగున్నాయన్నారు. నేను జనగామ సంగతి మొత్తం చెప్పాను. మీ పేరు మీద ఇంత మోసం జరుగుతుంది సార్, మీరు గట్టిగ అడగాలె అన్నాను.

ఆయన లడ్డూ కింద పెట్టారు.

"నాకు తెలుసమ్మా" అన్నారు.

నేను వినలేదనుకొని ఆయన మళ్ళీ చెప్పారు. "వాళ్ళు ఫోటో వాడుకుంటరని తెలుసు. నేనే సంతకం పెట్టిన. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కావాలంటే పెట్టాల్నన్నరు. అది లేకుంటే గిక్కడ నౌకరి రాదు. పాఠం మీద డౌట్లు అడుగుతరనుకున్న గని, బతుకు అడుగుతరనుకోలే."

"పాఠం చెప్పినోన్ని కాక ఇంకెవర్ని అడగాలె సార్?"

చాయ్ చల్లారిపోయింది. కాలేజీ మీద నాకు వచ్చింది కోపం, అది దిగిపోతుంది. ఈయన మీద వచ్చింది వేరు. నలుగురిలో నా మాటకు విలువ కట్టిన మనిషి, నన్ను ఒక కాగితం కోసం ఎవరికో వదిలేసి వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పలేదు. ఆయన కష్టం నాకు అర్థమైంది. నౌకరి కోసం ఏం చేయాల్సి వస్తుందో మా ఇంట్లో వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. అర్థమైనంత మాత్రాన నొప్పి తగ్గలేదు.

లేచేముందు అడిగాను. "ఒక్కటి చెప్పుండ్రి సార్. నా మెసేజ్ మీకే వచ్చి ఉంటే, మీరేమని జవాబు పెడుదురు?"

"వద్దులేమ్మా, అయిపోయింది గద."

"చెప్పుండ్రి."

బల్ల వైపు చూస్తూ చెప్పారు. "నౌకరి పట్టుకోమందును. పట్టుకొని సదువుకోమందును. పని చేసుకునేటోళ్ళ కోసమే గద ఆన్‌లైన్ క్లాసులు పెట్టింది. రెండిట్ల ఒకటి ఇడిసిపెట్టుమని ఎవడన్న ఎందుకంటడు?"

అంత తేలిక మాట. రెండు వాక్యాలు. నా ఎదుట కూర్చొని, మా పాత సార్ గొంతుతోనే చెప్పారు. నేను దండం పెట్టి వచ్చేశాను. ఆ రాత్రి మానుకోటలోనే మా మేనమామ ఇంట్లో పడుకున్నాను.

మరునాడు పగటికి ఇల్లు చేరాను. బాపు గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. పట్టా చేతికిస్తే దాన్ని అరచేత్తో నిమిరి చూసుకొని, పక్కన పెట్టాడు. ఆయన ఎదురుచూస్తున్నది దానికోసం కాదు.

"సారు కలిసిండా?"

"కలిసిండు బాపూ."

"అడిగినవా? ఏమన్నడు?"

దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టి నా వైపు చూస్తున్నాడు. యాడి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సార్ ఏమన్నాడో నాకు తెలుసు. ఆ మాట ఈ ఇంట్లో చెబితే బాపు ఇక మంచం మీది నుంచి లేవడని కూడా తెలుసు. ఏ వాక్యం పంపితే మనిషి ఆగుతాడో నేనూ వెతుక్కున్నాను. దొరికింది.

"మంచి పని చేసిండు మీ బాపు అన్నడు. నా మీద పూర్తి నమ్మకం ఉన్నదన్నడు."

బాపు చాలాసేపు తలూపాడు. "నేననలే" అని యాడి వైపు తిరిగి అన్నాడు. "సారుకు తెలుస్తదని నేననలే?"